కవీంద్రుని పాఠశాలలో విజ్ఞాన విద్య

రవీంద్రనాథ ఠాకూరు పేరు వినని పల్లె మన దేశమున ఉండదు. ఆయన కూర్చిన జనగణమన పాడని పాఠశాల లేదు. గీతాంజలిని చదువకపోయినను దాని పేరెరుగని గ్రంథాలయ పాఠకుడు అరుదు. కాని ఆ మహాకవి తన 76వ యేట పరమాణువులను గూర్చియు, నక్షత్రములను గూర్చియు, సూర్యుని చుట్టు తిరుగు గ్రహములను గూర్చియు బడికి పోలేని సామాన్యుల కొరకు ఒక చిన్న గ్రంథమును వ్రాసెనన్న సంగతి ఎరిగినవారు కొలదిమందియే. దాని పేరు విశ్వపరిచయము. కవిత్వమునకు ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన వ్యక్తి, వార్ధక్యమున, దేహము సహకరింపని దశలో, పద్యమును ప్రక్కనబెట్టి పరమాణువును చేపట్టుటకు కారణమేమి? అది వృద్ధాప్యపు విలాసము కాదు. ఆయన జీవితమున నలుబది యేండ్లు సాగిన ఒక పెద్ద ప్రయత్నమునకు అది కడపటి మెట్టు. విజ్ఞానమును, కళను, చేతిపనిని వేరువేరు గదులలో బంధింపక, ఒకే చెట్టు నీడను పిల్లలకు నేర్పవలెనన్నదే ఆ ప్రయత్నము. దాని కొరకు ఆయన ధనమును, ఆరోగ్యమును, కొంతవరకు కీర్తిని కూడ ఒడ్డెను.

రవీంద్రుడు 1861వ సంవత్సరము మే 7వ తేదీన కలకత్తా నగరములోని జొరాసాంకో ఠాకూరు భవనమున జన్మించెను. తండ్రి మహర్షి దేవేంద్రనాథుడు, తల్లి శారదాదేవి. సంగీతము, నాటకము, చిత్రలేఖనము, వేదాంతము ఆ యింట ఒకే కప్పు క్రింద నివసించుచుండెడివి. అట్టి యింటి బిడ్డకు బడి మాత్రము చెరసాలగా తోచెను. ఓరియంటల్ సెమినరీ, నార్మల్ స్కూలు, బెంగాల్ అకాడమీ, సెంట్ జేవియర్స్ - ఒకదాని తరువాత ఒకటిగా పెద్దలు పంపిరి. బాలుడు ఎందును నిలువలేదు. నార్మల్ స్కూలులో పాఠములకు ముందు పిల్లలందరు కూడి ఒక ఆంగ్ల గీతమును వల్లింపవలెను. దాని అర్థము ఒక్కరికిని తెలియదు. పిల్లల నోళ్ళలో నలిగి నలిగి ఆ మాటలు ఏ భాషకును చెందని ధ్వనులుగా మారిపోయినవి. పాట పాడించినంత మాత్రమున చదువు రసవంతము కాదని రవీంద్రునికి ఆ పసితనముననే తెలిసియుండును.

ఇంటి చదువు దీనికి భిన్నము. దానిని అన్నగారగు హేమేంద్రనాథుడు నడపెడివాడు. చీకటితో లేచి గోచీ బిగించి మల్లునితో కుస్తీ పట్టవలెను. ఒంటి దుమ్ము సరిగా దులుపుకొనక మునుపే వైద్య విద్యార్థి ఒకడు వచ్చి ఎముకల పేర్లు చెప్పించును. అందులకై తీగలతో కూర్చిన మనుష్య కంకాళ మొకటి చదువు గదిలో వ్రేలాడుచుండెడిది. పిదప గణితము, చరిత్ర, భూగోళము. బడినుండి రాగానే వ్యాయామము, చిత్రలేఖనము. దీపము పెట్టిన పిమ్మట ఆంగ్లము. ఈనాటి తల్లిదండ్రులకు కూడ ఇది కొంత కఠినముగనే తోచవచ్చును. అయినను ఈ కార్యక్రమమున దేహము, చేయి, కన్ను, బుద్ధి అన్నింటికిని పని యుండెను.

ఆదివారమునాడు సంగీతముతో పాటు ప్రకృతి శాస్త్ర ప్రయోగములు కూడ జరిగెడివి. ఒకనాడు ఉపాధ్యాయుడు గాజు పాత్రలో నీరు పోసి, అందు రంపపు పొట్టు కలిపి, క్రింద నిప్పు పెట్టెను. వేడెక్కిన నీరు తేలికయై పైకెక్కుటయు, పైనున్న చల్లని నీరు బరువై క్రిందికి దిగుటయు ఆ పొట్టు కదలికలో కంటికి కట్టినట్లు కనబడెను. పాలు కాగినప్పుడు చిక్కబడుటకు కారణము అందలి నీరు ఆవిరియై పోవుటయే అని మరియొకనాడు తెలిసెను. ప్రతి యింట ప్రతిదినము పొయ్యిమీద జరుగు పనియే ఇది. కాని దాని లోగుట్టు తెలిసిననాడు బాలుని ఆనందమునకు మేర లేకపోయెను. ఆ గురువు రాని ఆదివారము ఆదివారమువలె తోచెడిది కాదట.

అదే ఇంట మరియొక విజ్ఞాన పాఠము వేరువిధముగా పరిణమించెను. సాయంకాలము ఆంగ్లము చెప్పు ఉపాధ్యాయుడు వైద్య కళాశాలలో చదువుచుండెడివాడు. ఆయన ఒకనాడు మనుష్యుని కంఠనాళపు ముక్కను కాగితమున చుట్టి తెచ్చి, మాట ఎట్లు పుట్టునో దాని సాయమున వివరింపబోయెను. మాటలాడునది ఆ ముక్క కాదు, మొత్తము మనుష్యుడు అని పిల్లవాని మనస్సు ఎదురుతిరిగెను. పిదప ఆయనయే శవచ్ఛేదన శాలకు కూడ తీసికొనిపోయెను. అచట బల్లపై నున్న వృద్ధురాలి శవమును చూచి బాలుడు అంతగా కలత చెందలేదు. నేలపై విడిగా పడియున్న ఒక కాలును చూచి మాత్రము చాలదినములు మరువలేకపోయెను. ఈ రెండు పాఠములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో రవీంద్రుని విద్యా విధానమంతయు అర్థమగును. పాలు, నీరు, పొట్టు చెప్పిన శాస్త్రము లోకముతో ఆయనను కలిపెను. కాగితపు పొట్లములోని శాస్త్రము లోకమును ముక్కలు చేసెను. శాస్త్రము మీద ఆయనకు వైముఖ్యము లేదు. ముక్కలు చేయుట మీదనే వైముఖ్యము.

1873లో ఉపనయనమైన పిమ్మట తండ్రి ఆయనను వెంటబెట్టుకొని హిమాలయ యాత్రకు బయలుదేరెను. దారిలో బోల్పూరు సమీపమున శాంతినికేతనమను తమ ఆశ్రమ గృహమున కొన్ని దినములుండిరి. అచటి ఎఱ్ఱమట్టి గండ్లలో పడి బాలుడు వింతవింత రాళ్ళను ఏరి తెచ్చుచుండెను. అవి ఎందుకని తండ్రి కసరలేదు. మిట్టను వాటితో అలంకరింపుమని ప్రోత్సహించెను. అమృతసరము మీదుగా డల్హౌసీ చేరిరి. కొండలలో చీకటిపడిన తరువాత, ముంగిట కుర్చీ వేసికొని మహర్షి నక్షత్రములను, గ్రహములను చూపి, వాటి దూరములను, తిరుగు కాలములను చెప్పుచుండెడివాడు. ఆ విన్నదానిని పండ్రెండేండ్ల బాలుడు వంగభాషలో వ్యాసముగా వ్రాసికొనెను. కవిగా లోకమెరిగిన రవీంద్రుని మొదటి వచన రచన ఖగోళ శాస్త్రమును గూర్చినది. వేదమంత్రమును, నక్షత్ర గణితమును ఒకే తండ్రి ఒకే ముంగిట చెప్పుట వలన, ఆ రెండును పరస్పర విరోధులన్న భావము ఆయనకు ఎన్నడును కలుగలేదు.

1878లో ఇంగ్లండునకు పోయెను. లండనులో కొంతకాలము చదివి, పట్టము లేకుండనే 1880లో తిరిగివచ్చెను. 1883లో మృణాళినీ దేవిని వివాహమాడెను. ఆ కాలపు కవితా ప్రస్థానము అందరెరిగినదే.

1890 ప్రాంతమున తండ్రి ఆయనకు పద్మానదీ తీరమందలి జమీందారీ వ్యవహారములను అప్పగించెను. షిలైదహ, పతిసర్, షాజాద్‌పూరులు ఈనాడు బంగ్లాదేశమున నున్నవి. నగరపు మేడలో పెరిగిన కవి పడవలో నివసించుచు రైతు బ్రదుకును మొదటిసారి దగ్గరగా చూచెను. అప్పులు, జ్వరములు, వరదలు, వ్యాజ్యములు; వాటికి తోడు తమ దుర్గతికి తామేమియు చేయలేమను నిరాశ. ఆయన బంగాళాదుంప సాగును, పట్టుపురుగుల పెంపకమును ప్రయోగించి చూచెను. అవి పెద్దగా ఫలింపలేదు. ఉత్సాహము ఒక్కటియే చాలదనియు, నేర్చిన శాస్త్రజ్ఞానము కావలెననియు ఆ వైఫల్యము ఆయనకు నేర్పెను.

ఆ దినములలోనే జగదీశచంద్ర బోసు ఆయనకు ఆప్తమిత్రుడయ్యెను. వారాంతమున ఆ శాస్త్రజ్ఞుడు షిలైదహకు వచ్చెడివాడు. వచ్చినపుడెల్ల ఒక క్రొత్త కథ వినిపింపవలెనని కోరెడివాడు. రవీంద్రుని చిన్న కథలలో కొన్ని అట్లు పుట్టినవి. బదులుగా కవి తన మిత్రుని ప్రయోగముల విశేషములను వినెడివాడు. బోసు విదేశములలో పరిశోధన సాగించుటకు ధనము చాలకపోయినప్పుడు త్రిపుర మహారాజును అర్థించి సాయము చేకూర్చినవాడు కూడ రవీంద్రుడే. ఒక కవి ఒక శాస్త్రజ్ఞుని కొరకు చేయిచాచిన సందర్భములు మన దేశచరిత్రలో తరచుగా కానరావు.

1901 డిసెంబరు 22న శాంతినికేతనమున పాఠశాల ఆరంభమయ్యెను. విద్యార్థులు అయిదుగురు, వారిలో ఒకడు ఆయన పెద్దకుమారుడు రథీంద్రనాథుడు. రుసుము లేదు, భోజన వసతులు ఉచితము. ఈ భారమును మోయుటకు మృణాళినీ దేవి తన నగలను విడిచెను. కవి పూరీలోని ఇంటిని అమ్మివేసెను. పాఠశాలకు ఏడాది నిండకమునుపే, 1902 నవంబరులో ఆమె మరణించెను. 1903లో కుమార్తె రేణుక, 1905లో తండ్రి, 1907లో చిన్నకుమారుడు శమీంద్రుడు గతించిరి. ఒకరి వెనుక ఒకరుగా ఆత్మీయులు పోవుచుండగా పాఠశాలను మూసివేయుటకు ఎన్ని కారణములైనను చెప్పవచ్చును. ఆయన మూయలేదు.

ఆ పాఠశాలలో చదువు చెట్లక్రింద సాగెను. వానకాలమున వాన పాఠమయ్యెను. రాత్రి ఆకాశము పుస్తకమయ్యెను. విజ్ఞానము చెప్పుటకు జగదానంద రాయ్ అను ఉపాధ్యాయుడు లభించెను. ఆయన మొదట ఠాకూరుల జమీందారీ కచేరిలో పనిచేసినవాడు. ఆయనకు శాస్త్ర విషయములను సులువుగా వ్రాయు నేర్పున్నదని గుర్తించి కవి ఆయనను లెక్కల పుస్తకముల నుండి పిల్లల నడుమకు తెచ్చెను. గ్రహములు, నక్షత్రములు, పురుగులు, పక్షులు, చెట్లు మొదలగు వాటిపై జగదానందుడు పిల్లల కొరకు వంగభాషలో ఎన్నో పుస్తకములు వ్రాసెను. పగలు పురుగును చూపిన గురువే రాత్రి నక్షత్రమును చూపెడివాడు.

ఋతు ఉత్సవముల కథ ఇచట చెప్పవలెను. 1907 ఆరంభమున వసంత ఋతువును పాటలతో, వేషములతో ఆహ్వానింపవలెనన్న తలంపు బాలుడగు శమీంద్రునిది. ఆ యేటి చివరనే ఆ పిల్లవాడు విషూచికి బలియయ్యెను. కాని ఉత్సవము నిలిచెను. వసంతోత్సవము, వర్షామంగళము, శారదోత్సవము శాంతినికేతనపు పంచాంగమున భాగములయ్యెను. వీటిని వేడుకలని మాత్రమే తలచుట పొరపాటు. ఏ పూవు ఎప్పుడు పూయునో, ఏ మేఘము ఏ దిక్కునుండి వచ్చునో, ఏ పక్షి ఎప్పుడు వలసవచ్చునో ఎరుగనివాడు ఋతువును పాడలేడు. పాటకు ముందు పరిశీలన రావలెను. ప్రకృతి శాస్త్రమునకు మొదటి పాఠమును రవీంద్రుడు ఇట్లు పండుగ రూపమున పిల్లల చేత చేయించెను.

ఆ కాలపు సంపన్నులు తమ కుమారులను సివిల్ సర్వీసు కొరకో, బారిష్టరు పట్టము కొరకో ఇంగ్లండునకు పంపుచుండిరి. రవీంద్రుడు 1906లో రథీంద్రుని, అతని సహాధ్యాయి సంతోషచంద్ర మజుందారును అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు వ్యవసాయ శాస్త్రము నేర్చుటకై పంపెను. మరుసటి సంవత్సరము అల్లుడు నగేంద్రనాథ గంగూలీని కూడ అందులకే పంపెను. జమీందారు బిడ్డలు మట్టిని పరీక్షించుట నేర్చుటకై సముద్రములు దాటిరి. తండ్రి ఉద్దేశము స్పష్టము: పన్ను కట్టిన రైతుల ఋణమును శాస్త్రజ్ఞానము ద్వారా తీర్చవలెను. 1909లో తిరిగివచ్చిన రథీంద్రుని షిలైదహ పొలములకు తీసికొనిపోయి పనిలో నిలిపెను.

1913లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆ ధనమును రవీంద్రుడు పతిసర్ నందు రైతులకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చుటకై నెలకొల్పిన కృషి బ్యాంకున ఉంచెను. దాని వడ్డీ పాఠశాలకు చెందునట్లు ఏర్పరచెను. రైతునకు అప్పు, పిల్లలకు చదువు ఒకే సొమ్ముతో జరుగవలెనన్నది ఆలోచన. కొన్ని సంవత్సరములు అట్లే సాగెను. తరువాత ఋణవిమోచన శాసనములు వచ్చినప్పుడు ఆ సొమ్ములో పెక్కు భాగము తిరిగిరాలేదు. 1918లో ఆయన వ్రాసిన చిలుక కథ ఆనాటి చదువును ఎత్తిపొడిచెను. రాజుగారి చిలుకకు విద్య నేర్పవలెనని పండితులు బంగారు పంజరము చేయించి, గ్రంథములు పేర్చి, కాగితములను దాని నోట కుక్కి కుక్కి తుదకు దానిని చంపుదురు. చిలుక ఎట్లున్నదని ఎవ్వరును చూడరు. పరీక్షల కొరకు శాస్త్ర సూత్రములను కంఠస్థము చేయు నేటి విద్యార్థికి కూడ ఆ కథ పరాయిది కాదు.

1919లో దక్షిణదేశ యాత్ర చేయుచు ఆయన ఆనాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు వచ్చి థియొసాఫికల్ కళాశాలలో విశ్రమించెను. జనగణమన గీతమును ఆంగ్లమునకు అనువదించినది అచటనే. కళాశాలాధ్యక్షుడు జేమ్స్ కజిన్స్ గారి సతీమణి మార్గరెట్ కజిన్స్ ఆ గీతపు స్వరములను వ్రాసిపెట్టెను. ఆ విధముగ మన జాతీయ గీతముతో తెలుగు నేలకు సంబంధము కలిగెను. ఆ సంవత్సరమే శాంతినికేతనమున కళాభవనము ఆరంభమయ్యెను. పిమ్మట నందలాల్ బోసు దానికి అధ్యక్షుడయ్యెను. 1921 డిసెంబరు 23న విశ్వభారతి ఆవిర్భవించెను. మన బెజవాడ గోపాలరెడ్డి గారు శాంతినికేతనమున చదివినవారే. తరువాత ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి పదవిని అలంకరించి, రవీంద్రుని రచనలను తెలుగున అనువదించిరి.

కాని కవి మనస్సునకు తృప్తి లేదు. శాంతినికేతనపు పాఠశాల క్రమముగా మధ్యతరగతి తల్లిదండ్రుల కోరికలకు లొంగుచుండెను. వారికి మెట్రిక్యులేషను కావలెను. చేతిపని ఎందులకని అడుగుచుండిరి. రెండు మైళ్ళ దూరమున సురూలు గ్రామము మలేరియాతో క్షీణించుచుండెను. ఆ గ్రామము చేరువ 1912లోనే ఆయన ఒక పాత భవనమును కొనియుండెను. అమెరికాలో వ్యవసాయ శాస్త్రము చదువుచుండిన లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అను ఆంగ్ల యువకుని పిలిపించి, 1922 ఫిబ్రవరి 6న సురూలున గ్రామ పునర్నిర్మాణ సంస్థను ఆరంభించెను. దీనికే తరువాత శ్రీనికేతనమని పేరు వచ్చెను. డొరతీ స్ట్రెయిట్ అను అమెరికా వనిత ధనసాయము చేసెను.

ఎల్మ్‌హర్స్ట్ ఆ గ్రామములకు ముగ్గురు శత్రువులను కనిపెట్టెను: కోతులు, మలేరియా, ఒకరిపై ఒకరికి గల అవిశ్వాసము. మొదటి రెండింటికి మందున్నది. మూడవదానికి పాట కావలసివచ్చెను. గ్రామసేవకుడగు కాళీమోహన్ ఘోష్ ఇంటింటికి తిరిగి కష్టసుఖములు తెలిసికొని రైతుల మనస్సులను గెలుచుకొనెను. గ్రామ బాలురు వ్రతీ బాలక దళములుగా ఏర్పడి గుంటలు పూడ్చిరి, మురుగు కాలువలు తీసిరి, నిప్పంటుకొన్న ఇండ్లను ఆర్పుట నేర్చిరి. భద్రలోకపు బిడ్డలైన విద్యార్థులు తమ మరుగుదొడ్ల మలమును తామే గోతులలో పూడ్చి ఎరువుగా మార్చుట నేర్చిరి. ఎల్మ్‌హర్స్ట్ స్వయముగా ఆ పనికి ముందు చేయి వేసినందువలననే అది సాధ్యమయ్యెను. కులాచారము బలముగానున్న ఆ దినములలో అది చిన్న సంగతి కాదు. భూసారము ఏ విధముగ నశించునో, ఏ విధముగ తిరిగి వచ్చునో వారికి ఆ గోతులే బోధించినవి.

1924లో శిక్షాసత్రమను పాఠశాల పుట్టెను. తల్లిదండ్రులు లేనివారును, ఉన్నను బడికి పంపలేని పేదవారి పిల్లలును ఇందు చేరిరి. మొదట ఏడెనిమిది మంది కంటె ఎక్కువ లేరు. ఇల్లినాయి నుండి వచ్చిన సంతోషచంద్రుడే దీనికి పెద్ద. ప్రతి పిల్లవానికి తనదను ఒక చిన్న మడి. అదే వాని ఆటస్థలము, అదే ప్రయోగశాల. విత్తనము నాటిననాటి నుండి మొలక వరకు దినములు లెక్కించుట గణితము. నేల తేమను చూచుట భౌతిక శాస్త్రము. ఆకును తిన్న పురుగును పట్టి దాని జీవితచక్రమును గమనించుట జీవశాస్త్రము. పండిన కూరను అమ్మి పద్దు వ్రాయుట అర్థశాస్త్రము. వంట వారే చేసికొనవలెను. గది వారే ఊడ్చుకొనవలెను. దానితోపాటు ప్రతివాడును ఒక చేతిపని నేర్వవలెను. నేత, అద్దకము, కుండలపని, వడ్రంగము - ఏదైనను సరే. చేసిన వస్తువు పనికిరావలెను, చూచుటకు అందముగ కూడ ఉండవలెను. సాయంకాలము పాట, కథ, నాటకము. ఈ నాటకమున పిల్లవాడు పగలు నేర్చినదే రాత్రి రక్తమున కలియునని కవి నమ్మకము.

శిక్షాసత్రము 1927లో శ్రీనికేతనమునకు మారెను. గాంధీ మహాత్ముడు 1937లో వార్ధాలో ప్రతిపాదించిన మౌలిక విద్యకును దీనికిని పోలికలు కలవు. ఆ విద్యకై ఏర్పడిన హిందుస్థానీ తాలీమీ సంఘమును నడపిన ఆర్యనాయకం దంపతులు అంతకు మునుపు రవీంద్రుని వద్ద పనిచేసినవారే. అయినను ఒక భేదము కనబడును. వార్ధా విధానమున చేతిపని నడుమ నిలిచెను. శ్రీనికేతనమున చేతిపని పాటతోను, చిత్రముతోను చేయి కలిపి నడచెను.

శిల్పభవనమున ఈ సంగతి మరింత స్పష్టమయ్యెను. ఇలంబజారు లక్కపనివారు, చుట్టుప్రక్కల సాలెవారు తమ పనిని నేర్పిరి. కళాభవనపు చిత్రకారులు క్రొత్త నమూనాలు గీసియిచ్చిరి. 1927లో జావా యాత్ర చేసిన రవీంద్రునితో పోయిన సురేంద్రనాథ్ కర్ మైనముతో చేయు బాతిక్ అద్దకమును పరిశీలించి వచ్చెను. ఆ పని శ్రీనికేతనమున వేళ్ళూనెను. రథీంద్రుడును, ఆయన భార్య ప్రతిమాదేవియు తోలుపై అద్దకమును ప్రచారము చేసిరి. శాంతినికేతనపు తోలు సంచులు ఈనాటికిని దేశమంతట అమ్ముడుపోవుచున్నవి. మైనము ఎంత వేడిలో కరగునో, ఏ రంగు ఏ నూలునకు పట్టునో తెలియనిదే బాతిక్ లేదు. రసాయన శాస్త్రము అచట చీర అంచుగా మారెను.

శ్రీనికేతనమునకు ఒక గ్రంథాలయ ముండెడిది. దాని పుస్తకములు ఊరూరు తిరిగి చదువరుల చేతికి అందుచుండెడివి. మన ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమము ఎరిగినవారికి ఇది చిరపరిచితమైన దృశ్యమే.

1928 వర్షాకాలమున రెండు క్రొత్త పండుగలు మొదలయ్యెను. మొదటిది వృక్షారోపణము: మొక్కను పల్లకిలో పెట్టి, పాటలతో ఊరేగించి, భూమి, నీరు, అగ్ని, గాలి, ఆకాశము అను పంచభూతముల వేషములు ధరించిన పిల్లల నడుమ నాటుట. రెండవది హలకర్షణము: అలంకరించిన ఎడ్లను కట్టి, ముగ్గులు వేసిన నేలపై నాగలి పట్టి చాలు తీయుట. ఆ సంవత్సరము నాగలి పట్టినది అరువది యేడేండ్ల రవీంద్రుడే. నందలాల్ బోసు ఆ దృశ్యమును శ్రీనికేతనపు గోడపై చిత్రించెను. పాఠముగా చెప్పినచో ఆవలించు రైతు పండుగగా వచ్చినచో కుటుంబముతో వచ్చును. అడవుల నాశమువలన వానలు తప్పుననియు, నేల కోతపడుననియు ఉపన్యసించుట కంటె ఒక మొక్కను పల్లకిలో ఊరేగించుట పల్లెకు ఎక్కువ బోధించెను.

ఈ విధమైన పనిలో మునిగియున్నవానిని లోకము మాత్రము కేవలము స్వప్నజీవిగా భావించుచుండెను. 1930లో ఆయన జర్మనీలో ఐన్‌స్టీను ఇంటికి పోయి సత్యస్వరూపమును గూర్చి సంభాషించెను. ఆ సంవత్సరమే పారిస్ నగరమున తన చిత్రములను ప్రదర్శించెను. 1933 డిసెంబరున విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళా పరిషత్తున మానవుని గూర్చి ఉపన్యాసములు చేసెను. అది జరిగిన కొలది దినములకే, 1934 జనవరి 15న, బీహారున ఘోరమైన భూకంపము వచ్చెను. అస్పృశ్యతా పాపమునకు అది దైవశిక్ష యని గాంధీజీ ప్రకటించెను. అస్పృశ్యతను రవీంద్రుడు కూడ ద్వేషించెడివాడే. అయినను భౌతిక సంఘటనలకు భౌతిక కారణములే ఉండుననియు, వాటిని పాపపుణ్యములతో ముడిపెట్టినచో జనుల అజ్ఞానము పెరుగుననియు ఆయన బహిరంగముగా అభ్యంతరము తెలిపెను. మహాత్ముడు ఆ అభ్యంతరమును తన హరిజన పత్రికలోనే ప్రకటించి సమాధానమిచ్చెను. దేశమంతయు తలవంచు మహాపురుషుని యెదుట విజ్ఞాన దృష్టి పక్షమున నిలిచినవాడు కవియే యగుట గమనింపదగినది. వారి మైత్రి చెడలేదు. 1936లో విశ్వభారతి అప్పులు తీర్చుటకై డెబ్బదియైదవ యేట నున్న రవీంద్రుడు నృత్యనాటక బృందముతో ఊరూరు తిరుగుచు ఢిల్లీ చేరగా, గాంధీజీ మనస్సు నొచ్చుకొని, దాతలనుండి 60,000 రూపాయలు సమకూర్చి యిచ్చి ఆ యాత్రను మాన్పించెను.

విశ్వపరిచయము ఆ మరుసటి సంవత్సరపు పని. చదువుకొన్నవారి భాషకును సామాన్యుని భాషకును నడుమ గోడ నిలిచినంతకాలము విజ్ఞానము దేశమున వ్యాపింపదని రవీంద్రుని దృఢవిశ్వాసము. అందుకై లోకశిక్షా గ్రంథమాలను తలపెట్టెను. శాంతినికేతనమున భౌతిక శాస్త్రము బోధించు ప్రమథనాథ సేన్‌గుప్తాకు మొదటి పుస్తకమును అప్పగించెను. ఆ యువకుడు వ్రాసి తెచ్చుచుండగా కవి దిద్దుచుండెను; దిద్దగా దిద్దగా అది తుదకు కవియే వ్రాసిన పుస్తకమయ్యెను. 1937 వేసవిలో ఆల్మోరా కొండలకు పోయి, శాస్త్రగ్రంథములను ముందుంచుకొని దానిని పూర్తిచేసెను. పండ్రెండవ యేట హిమాలయమున తండ్రి చూపిన నక్షత్రములను గూర్చి మరల హిమాలయముననే వ్రాసెను. పరమాణు లోకము, నక్షత్ర లోకము, సౌరజగత్తు, గ్రహ లోకము, భూలోకము అని క్రమముగా పుస్తకము సాగును. ఇందు కవి అలంకారములను కుప్పవోయలేదు. పరిభాషా పదమును అవసరమైనచోటనే వాడి, వెంటనే తేట మాటలలో వివరించెను. అంకితము గణిత భౌతిక శాస్త్రజ్ఞుడగు సత్యేంద్రనాథ్ బోసునకు. తాను శాస్త్రజ్ఞుడను కానని పీఠికలో అంగీకరించియే, రుచి తెలిసినవాడు వడ్డింపవచ్చునన్న ధీమాతో ఆయన ఈ సాహసము చేసెను. సెప్టెంబరు 10న తీవ్రమైన జ్వరముతో స్మృతి తప్పి, రెండు దినములు మృత్యుముఖమున నుండి బయటపడెను. గ్రంథము ఆ శరత్తుననే వెలువడెను.

రవీంద్రుని ప్రయత్నము పూర్తిగా ఫలించెనని చెప్పుట సత్యము కాదు. శ్రీనికేతనపు సేవ సోకిన గ్రామములు కొలదియే. శిక్షాసత్రము ఎన్నడును పెద్ద పాఠశాల కాలేదు. శాంతినికేతనమనగా జనులకు పాట, నృత్యము, చిత్రములే గుర్తుకు వచ్చినవి. నాగలి, ఎరువు గొయ్యి, లక్క కుంపటి గుర్తుకు రాలేదు. ఈ అన్యాయమునకు కొంతవరకు ఆయన కీర్తియే కారణము. అయినను పనిలో నిలిచినవారు నిలిచిరి. ఎల్మ్‌హర్స్ట్ స్వదేశమునకు పోయి 1925లో భార్య డొరతీతో కలిసి డెవన్‌షైరులో డార్టింగ్‌టన్ హాలును స్థాపించి ఈ భావములనే అచట నాటెను. 1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమైనప్పుడు తొలి ఉపాధ్యక్షుడు, ఇల్లినాయిలో మట్టిని చదివిన రథీంద్రుడే. 2023లో యునెస్కో శాంతినికేతనమును ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించెను.

రవీంద్రుడు 1941 ఆగస్టు 7న తాను పుట్టిన జొరాసాంకో భవనముననే పరమపదించెను. వంగదేశపు పంచాంగమున అది శ్రావణ మాసపు 22వ దినము. నాటినుండి శాంతినికేతనమున ఆ దినమున వృక్షారోపణము జరుపుచున్నారు. పిల్లలు పాటలు పాడుచు మొక్కను పల్లకిలో తెచ్చి నాటుదురు. మరుసటి దినము శ్రీనికేతనమున ఎడ్లను అలంకరించి నాగలి కట్టుదురు.